సింహరాజ అడవిలో గొంతులు మార్చే పిట్ట

శ్రీలంక వెళ్తున్నానంటే అందరూ బీచ్‌లకే అనుకున్నారు. నేను వెళ్లింది ఒక నల్ల పిట్ట కోసం. కరెంటు తీగల మీద కూర్చునే మన పసులపోలిగాడికి దగ్గరి చుట్టం. పేరు శ్రీలంక డ్రోంగో. తన కూత తను కూస్తూనే మధ్యమధ్యలో పక్క పక్షుల గొంతులూ ఎత్తుకుంటుంది.

కొలంబో నుంచి రత్నపుర, కలవాన మీదుగా సింహరాజ అడవి కుడవ గేటు చేరేసరికి వాన. వర్షారణ్యానికి వెళ్లి వానను తిట్టుకుని లాభం లేదు. టికెట్ తీసుకుంటే గైడ్‌ను తోడిచ్చారు. మోకాళ్ల దాకా జలగ సాక్సులు తొడుక్కుని బయల్దేరాం. దారి వెడల్పుగానే ఉంది. 1970లలో కలప కొట్టి తరలించడానికి వేసిన రోడ్డట. జనం గట్టిగా అడ్డుపడటంతో నరకడం ఆగింది. 1988లో ఈ అడవి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది.

చాలాసేపు ఒక్క పిట్టా లేదు. ఇక్కడ పక్షులు రకరకాలవి కలిసి గుంపుగా తిరుగుతాయి. గుంపు ఎదురైతే కళ్లు చాలవు, లేదంటే తడిసిన ఆకులు చూసుకుంటూ నడవడమే.

"సార్, ఆగండి" అన్నాడు గైడ్. ముందు బాబ్లర్లనే పిట్టల గోల వినిపించింది. నారింజరంగు ముక్కులతో పొదలన్నీ కెలుకుతూ వచ్చాయి. వాటి వెనకాలే మలబార్ ట్రోగన్ అనే మరో పిట్ట. పైన, ఆకుల్లేని తీగ మీద డ్రోంగో. చీలిన తోక, నుదుటి మీద చిన్న కుచ్చు. బాబ్లర్లు కొమ్మ కుదిపినప్పుడు ఒక చిమ్మట లేచింది. డ్రోంగో గాల్లోనే దాన్ని పట్టుకుని మళ్లీ అదే తీగ మీద వాలింది. ఈ గుంపు వెంట అదెందుకు తిరుగుతుందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత కూత మొదలుపెట్టింది. ముందు గంట కొట్టినట్టు ఖంగుమనే సొంత స్వరం. ఆ వెంటనే అచ్చం బాబ్లర్ల కిచకిచ! బైనాక్యులర్‌లో దాని ముక్కు తెరుచుకోవడం, గొంతు ఉబ్బడం చూస్తూ వింటున్నా నమ్మబుద్ధి కాలేదు.

ఎబెన్ గుడేల్, శరత్ కోటగామ అనే పరిశోధకులు ఈ అడవిలోనే దీని సంగతి తేల్చి 2006లో ప్రచురించారు. డ్రోంగో కూతలు రికార్డు చేసి స్పీకర్‌లో వినిపిస్తే, అనుకరణలు కలిసిన కూతలకే ఎక్కువ పక్షులు వచ్చాయి. అంటే బాబ్లర్ల గొంతుతో అది గుంపును పోగేసుకుంటోందన్నమాట. ప్రమాదం కనిపిస్తే పాట మారుతుంది. అప్పుడు వేటపక్షుల అరుపులు, ఇతర పక్షుల హెచ్చరికలు అందుకుంటుంది. ఏ గొంతు ఎప్పుడు వాడాలో దానికి తెలుసు. అందుకే దీన్ని మిమిక్రీ అని నవ్వేసి వదిలేయడం నాకు నచ్చదు.

కొంతసేపటికి పైనుంచి పాముల గద్ద అరుపు వినిపించింది. బాబ్లర్లు టక్కున నోరు మూసుకుని పొదల్లో నక్కాయి. గైడ్ ఆకాశం వైపు చూడనే లేదు, చెయ్యి తీగ మీదికి చూపించాడు. అరిచింది డ్రోంగోనే. అడవంతా మూగబోయాక అది తాపీగా నేల మీదికి దిగి, ఆకుల్లోంచి ఏదో కరుచుకుని పైకెగిరింది.

ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో దీని చుట్టం, చీలికతోక డ్రోంగో, ఏకంగా దొంగతనమే చేస్తుంది. దొంగ హెచ్చరిక కూసి, మీర్‌కాట్లు (ముంగిసల్లాంటి చిన్న జంతువులు) తిండి వదిలేసి పారిపోతే ఆ తిండి కొట్టేస్తుంది. ఒకే కూతను అవి పట్టించుకోవడం మానేస్తే గొంతు మారుస్తుంది. పరిశోధకుడు టామ్ ఫ్లవర్ బృందం 2014లో ఈ గొంతులు మార్చే ఎత్తును బయటపెట్టింది. సింహరాజ డ్రోంగో మీద అలాంటి కేసేమీ లేదు. కానీ నేను చూసినదాంట్లో పైన నిజంగానే గద్ద ఉందా, ఇదీ ఆ బాపతేనా?

గైడ్‌ను అడిగాను. "మనం చూసే లోపు ఏ డేగైనా వెళ్లిపోయి ఉండొచ్చు సార్" అన్నాడు. నాకైతే ఆ పిట్ట మీద అనుమానం పోలేదు.