బతికించడం, బతికించుకోవడం

మూడేళ్ల కిందట నాన్నకి గుండెపోటు వచ్చి రాత్రంతా ఐసీయూ బయట కూర్చున్నాం. తెల్లారాక డాక్టర్‌గారు బయటికొచ్చి "గండం గడిచిందమ్మా" అనగానే అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని పిన్నికి ఫోన్ చేసింది. "మీ బావగార్ని బతికించుకున్నామే" అంది, అంతే, ఇంకో మాట రాలేదు. ఆ తర్వాత చూడ్డానికి వచ్చినవాళ్లందరితో మాత్రం "ఆ డాక్టరే బతికించాడు, ఆయన చల్లగా ఉండాలి" అనేది.

జరిగింది ఒకటే, కానీ డాక్టర్ బతికించాడు, మేం బతికించుకున్నాం. అప్పట్నుంచీ ఈ మాట నన్ను వదల్లేదు.

'నవ్వు' నుంచి 'నవ్వించు' వచ్చినట్టే 'బతుకు' నుంచి 'బతికించు' వచ్చింది. బ్రతికించు అని రాసినా తప్పు లేదు, మాట్లాడేటప్పుడు ఆ రకారం ఎలాగూ జారిపోతుంది. దానికి 'కొను' తగిలిందంటే ఆ ప్రాణం మనదైపోతుంది, అది పోతే మనం ఏమైపోతామో అన్న భయం కూడా మాటలోకి వచ్చేస్తుంది. భారతంలోనే చూడండి, శుక్రాచార్యుడు మృతసంజీవని విద్యతో కచుణ్ణి బతికించాడు అంటాం, సావిత్రి దగ్గరికి వచ్చేసరికి యముడి వెంటపడి మరీ భర్తను బతికించుకుంది అంటాం. అక్కడ వట్టి 'బతికించింది' అంటే నాకైతే ఏదో వెలితిగా ఉంటుంది.

కచుడు చచ్చాక లేచాడు, నాన్న చావు అంచుదాకా వెళ్లి వచ్చారు, ఇద్దరికీ మాట ఒక్కటే. ఎండిపోతున్న మల్లెమొక్కకి నీళ్లు పోసి బతికించామన్నా అదే, ఫీజు కట్టే ఆఖరి రోజున డబ్బు సర్దిన స్నేహితుడితో "బతికించావురా" అన్నా అదే.

'ప్రాణం పోయడం' అనే మాట కూడా ఉంది కానీ అందులో నాకు గుండె ఝల్లుమంటుంది. ప్రాణం పోసింది, ప్రాణం పోయింది. ఒక్క అక్షరమే తేడా, ఐసీయూ బయట కూర్చున్నవాళ్లకి ఆ అక్షరమే సర్వస్వం.

తెలుగు భాషా దినోత్సవం నాడు, అదే ఆగస్టు 29న, "తెలుగును బతికించండి" అని బ్యానర్లు కడతారు. ఎవరికి చెబుతున్నట్టు? 'బతికించుకుందాం' అని రాయొచ్చు కదా, అమ్మ ఆ పొద్దున ఫోన్లో అన్నట్టు.