మలక్కాలో దోపిడీ ఓడకి టికెట్ కొన్నాం

కౌలాలంపూర్ జంట టవర్లు, బతూ కేవ్స్ మెట్లు, షాపింగ్, అవన్నీ ఇప్పటికే బోలెడంత మంది రాసేశారు కాబట్టి వదిలేస్తున్నా. కౌలాలంపూర్ బస్ స్టేషన్ టీబీఎస్ నుంచి మలక్కా బస్సు గురించి కూడా చెప్పడానికేం లేదు, ఏసీకి చెవులు గడ్డకట్టడం తప్ప. నేను రాయాలనుకున్నది ఒక ఓడ గురించి, ఎందుకంటే దాన్ని చూసి నాకు నిజంగానే ఒళ్ళు మండింది.

మలక్కా నది ఒడ్డున పేద్ద చెక్క ఓడ, తెరచాప కొయ్యలు, తాళ్ళు, కింద స్కూల్ పిల్లల క్యూ. అదే మ్యారిటైమ్ మ్యూజియం. టికెట్ లోకల్ వాళ్ళకి ఒక రేటు, మనలాంటి వాళ్ళకి ఇంకో రేటు, మలేషియా డబ్బు రింగిట్ ఇరవై రూపాయలు దాటాక ప్రతి టికెట్ దగ్గరా మనసులో ఎక్కాలు చదువుకోవడమే. సరే కొన్నాం, ఎక్కాం, బోర్డు చదివాం. ఓడ పేరు ఫ్లోర్ దె లా మార్. అంటే ఈ ఊరిని కొల్లగొట్టి ఆ సొత్తంతా మోసుకెళ్ళిన ఓడ! దానికి నమూనా కట్టి ఆ ఊరివాళ్ళే మ్యూజియం చేసుకున్నారు.

కథ తెలియని వాళ్ళకి క్లుప్తంగా. 1509లో పోర్చుగీసు వాళ్ళు మొదటిసారి మలక్కా వచ్చారు, గొడవైంది, కొంతమంది ఇక్కడే బందీలుగా ఉండిపోయారు. అది సాకు. వాళ్ళ సేనాని అల్బుకర్క్ 1510లో గోవా పట్టుకుని, 1511లో ఓ పద్దెనిమిది ఓడలేసుకుని ఇక్కడికొచ్చి ఆగస్టుకల్లా ఊరు లాక్కున్నాడు, సుల్తాన్ మహమూద్ షా పారిపోయాడు. దోచిన బంగారం, సామాను ఎక్కించింది ఈ ఓడలోనే, అది 1502లో లిస్బన్ లో కట్టింది, అప్పటికే పాతబడి నీళ్ళు కారుతోంది. నవంబర్లో సుమత్రా దగ్గర తుఫానుకి మునిగిపోయింది. అల్బుకర్క్ మాత్రం తెప్ప మీద బయటపడ్డాడు, అలాంటివాళ్ళు ఎప్పుడూ బయటపడతారు. సొత్తు ఇప్పటికీ దొరకలేదు, వెతికేవాళ్ళు వెతుకుతూనే ఉన్నారు.

"ఇదేం ఖర్మరా, దొంగోడి బండిని షోకేస్ లో పెట్టుకున్నారు" అన్నాను మా బావమరిదితో. వాడు కౌలాలంపూర్ లోనే ఉద్యోగం కాబట్టి వీళ్ళ తరఫు వకాల్తా వాడిదే. "బావా, గోల్కొండలో పెట్ల బురుజు మీద ఫిరంగి ఎవరిది మరి?" అన్నాడు. ఔరంగజేబుది. 1687 ముట్టడిలో మన కోట మీద పేల్చిందే, దాని పక్కన నేను చిన్నప్పుడు ఫొటో కూడా దిగా. ఇంక నోరెత్తలేదు.

లోపల బాగానే ఉంది, నిజం చెప్పాలి. ఈ ఊరి అసలు గొప్పతనం అక్కడ అర్థమైంది. చైనా నుంచి, గుజరాత్ నుంచి, మన కోరమాండల్ తీరం నుంచి ఓడలు ఇక్కడికే చేరేవి, ఎందుకంటే ఒక రుతుపవనం గాలి తగ్గి ఎదురు దిక్కు గాలి మొదలయ్యేదాకా ఆగాల్సింది ఇక్కడే. మన వైపు నుంచి వచ్చేది బట్టలు, ముఖ్యంగా పులికాట్ రేవు నుంచి, అది అప్పట్లో కృష్ణదేవరాయల రాజ్యంలోది. తిరిగెళ్ళేటప్పుడు లవంగాలు, జాజికాయ. మనవాళ్ళేదో పక్కన నిలబడి పాపం అని చూశారనుకోకండి, నైనా చాటు అని మన తీరం నుంచి వెళ్ళిన హిందూ వ్యాపారి ఒకాయన ఆ పోర్చుగీసు బందీలకి సాయం చేశాడు, ఊరు చేతులు మారాక పెద్ద పదవి కొట్టేశాడు. రాయలవారికేమో పోర్చుగీసు వాళ్ళు తెచ్చే గుర్రాలు కావాలి. ఎవరి లెక్కలు వాళ్ళవి.

పోర్చుగీసు వాళ్ళు అనుకున్నదేమిటంటే ఊరు పట్టుకుంటే వ్యాపారం మొత్తం చేతికొస్తుందని. తీరా పట్టుకున్నాక ముస్లిం వర్తకులు చాలామంది ఇటు రావడం తగ్గించి అచే, జొహోర్ లాంటి రేవులకి మళ్ళారు. ఊరు దక్కింది, సంత చెదిరింది. 1641లో డచ్ వాళ్ళు లాక్కున్నారు, 1824 ఒప్పందంతో బ్రిటిష్ వాళ్ళకి పోయింది. పోర్చుగీసు వాళ్ళు కట్టిన కోటని అయితే, అంతకుముందు కొన్నాళ్ళు ఊరు తమ చేతిలో ఉన్నప్పుడే బ్రిటిష్ వాళ్ళు 1807 నుంచి కూలగొట్టడం మొదలెట్టారు, చివరికి ఒక్క గుమ్మం మిగిలింది. ఒకప్పుడు దాని ముందు సముద్రం ఉండేదట, ఇప్పుడు షాపింగ్ మాల్. సముద్రాన్ని మట్టితో పూడ్చుకుంటూ అంత దూరం నెట్టేశారు. హలో కిట్టీ బొమ్మలు, చెవులు పగిలే డిస్కో పాటలతో రిక్షాలు, అవి చెప్పే రేటు వింటే నడిచెళ్ళడమే మేలనిపిస్తుంది.

సాయంత్రం పోర్చుగీస్ సెటిల్మెంట్ కి వెళ్ళాం, ఊరికి కాస్త దూరం, 1930ల్లో ఇద్దరు పాదరీలు బ్రిటిష్ ప్రభుత్వంతో మాట్లాడి పేద జాలరులకి ఇప్పించిన స్థలం. క్రిస్టాంగ్ అంటారు వీళ్ళని, పోర్చుగీసు వాళ్ళకీ ఇక్కడి ఆడవాళ్ళకీ పుట్టిన వాళ్ళ వారసులు. రంగు చూస్తే మన నెల్లూరు మనిషిలానే ఉంటారు, పేర్లు మాత్రం డిసౌజా, ఫెర్నాండెజ్. సముద్రం పక్కన హోటల్లో చేపని తూకం వేసి అమ్ముతున్నారు, తూకం చూసి గుండె ఆగినంత పనైంది. డెవిల్ కర్రీ చెప్పాం, ఆవాలు, వెనిగర్, ఎండుమిరపకాయలు, భలే ఘాటు. "గుంటూరు కంటే తక్కువేలే" అని మా వాడి బడాయి, ఆ మిరపకాయ కూడా అమెరికా నుంచి పోర్చుగీసు ఓడలెక్కి మనదాకా వచ్చిందే అని గుర్తు చేశా.

హోటలాయనకి అరవై దాటి ఉంటాయి. వాళ్ళ నాన్న ఇదే ఒడ్డున నడుముల్లోతు నీళ్ళలో వలతో గెరాగో పట్టేవాడట, మన రొయ్యపొట్టు లాంటి బుల్లి రొయ్యలు. ఇప్పుడు ఎదురుగా సముద్రాన్ని పూడ్చేస్తున్నారు, బురద పేరుకుని రొయ్య రావడం లేదని గంట సేపు చెప్పాడు. ఓడ మ్యూజియం గురించి నా కోపమంతా ఆయన ముందు పెట్టాను, మీకేమనిపిస్తుందండీ అని.

"బాస్, దోచుకున్నవాడు మా తాతే, దోచబడ్డది మా అమ్మమ్మే, నేనెవరి మీద కోప్పడను?" అని నవ్వి, "నా కోపం ఈ మట్టి లారీల మీద" అన్నాడు.

వచ్చేటప్పుడు చించలోక్ సీసా కొన్నాం, అదే రొయ్య ఉప్పులో ఊరబెట్టింది. అలవాటు కొద్దీ మా బావమరిది బేరం మొదలెట్టాడు, తగ్గించు తగ్గించు అని. ఆయన సీసా కవర్లో పెడుతూ "పర్లేదు, అల్బుకర్క్ అసలు డబ్బులే ఇవ్వలేదు, మీరు కొంచెమైనా ఇస్తున్నారు" అన్నాడు. మా వాడు గబగబా మొత్తం రేటు కట్టేశాడు.