ఒక్క షిల్లింగు

పదకొండున్నర దాటింది. అందరూ పడుకున్నారు, నాకే నిద్ర రావడం లేదు.

పగలు వదినగారింట్లో సత్యనారాయణ వ్రతం. బాగా జరిగింది, ప్రసాదం కమ్మగా కుదిరింది. భోజనాల దగ్గరే మనసు పాడైంది. వాళ్ళ పక్క ఫ్లాట్ అమ్మాయికి విడాకులయ్యాయట. ఆ అమ్మాయి ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. "ఎంతకి సెటిల్ అయింది?" అని మాత్రం ముగ్గురు అడిగారు. పప్పు వడ్డించేటప్పుడు ఒకావిడ, పెరుగన్నంలోకి వచ్చేసరికి ఇంకొకావిడ. అసలు సంగతి కావాలంటే వాచ్‌మన్ భార్యని అడగమని ఒక సలహా కూడా. నేను తల వంచుకుని తినేసి వచ్చాను. ఒక్క మాటైనా అనలేదన్నదే ఇంకా గుచ్చుకుంటోంది.

వారం నుంచి సేమూర్ వర్స్‌లీ అనే ఒకావిడ కేసు చదువుతున్నాను కదా, అందుకే ఇంత పట్టుకుందేమో. లండన్, 1782 ఫిబ్రవరి. ఆవిడ భర్త సర్ రిచర్డ్, ఆవిడ ప్రియుడు కెప్టెన్ బిసెట్ మీద 20,000 పౌండ్లకు దావా వేశాడు. ఆ దావాని 'క్రిమినల్ కాన్వర్సేషన్' అనేవారు. పేరుకే క్రిమినల్, నిజానికి తన భార్యతో సంబంధం పెట్టుకున్నందుకు నష్టపరిహారంగా ఆమె ప్రియుడి దగ్గర భర్త డబ్బు రాబట్టుకునే సివిల్ కేసు. అందులో భార్య కక్షిదారు కాదు, సాక్ష్యం చెప్పే హక్కు కూడా లేదు. పనివాళ్ళు మాత్రం బోనెక్కి చెప్పవచ్చు. మెయిడ్‌స్టోన్ స్నానశాలలో ఆవిడ బట్టలు వేసుకుంటుంటే, బిసెట్ కిటికీలోంచి చూడటానికి భర్తే అతన్ని భుజాల మీదికి ఎక్కించుకున్నాడని అక్కడ పనిచేసే ఆమె చెప్పింది. ఆవిడ పాత ప్రియులు కూడా బిసెట్ తరఫున వచ్చి సాక్ష్యం చెప్పారు. భర్తే ప్రోత్సహించాడని తేలడంతో జ్యూరీ అతనికి ఇప్పించింది ఒక్క షిల్లింగు. పౌండుకి 20 షిల్లింగులు. 4 లక్షలు అడిగితే ఒకటి వచ్చిందన్నమాట.

నిన్నటిదాకా ఆ షిల్లింగు ఆవిడ గెలుపే అనుకున్నాను. ఇవాళ గిన్నెలు సర్దుతుంటే తట్టింది. వాళ్ళు లెక్క కట్టింది ఆవిడకే కదా! ఇరవై వేలైనా, షిల్లింగైనా అది ఆమె ఖరీదే. చిత్రకారుడు రెనాల్డ్స్ గీసిన బొమ్మలో ఆవిడ, భర్త రెజిమెంటు యూనిఫాం లాంటి ఎర్ర కోటు వేసుకుని ఎంత ధీమాగా నిలబడిందో. చట్టం లెక్కన ఆ కోటు కూడా భర్తదే.

ఆ రకం దావాలు 1857లో పోయాయి. మనకి ఇంగ్లీషువాళ్ళు రాసిపెట్టిన శిక్షాస్మృతి 497 సెక్షన్‌లోనూ పరాయివాడి భార్యతో సంబంధం నేరమే, కానీ ఆ భర్త ఒప్పుకుంటే నేరమయ్యేది కాదు. దాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది 2018లో. చిన్నాడు అప్పటికే స్కూలుకి వెళ్తున్నాడు.

రాస్తుంటే చిన్నపిన్ని గుర్తొస్తోంది. నాకు తొమ్మిదేళ్ళు. తాతయ్యగారి అరుగు మీద ఆరుగురు మగవాళ్ళు కూర్చుని పిన్ని కాపురం సంగతి తేలుస్తున్నారు. పిన్ని వంటింట్లో చేట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. మంచినీళ్ళు ఇచ్చి రావడం నా పని. వచ్చినప్పుడల్లా "ఏమంటున్నారే?" అనేది. "నీ గాజులు ఎన్ని తులాలో అడుగుతున్నారు" అన్నాను ఒకసారి. ఏరిన రాళ్ళు ఎడమ అరచేతిలో పెట్టుకుని గుప్పిట మూసేసింది. చాలాసేపు తెరవలేదు. "నన్ను పిలుస్తున్నారా?" అంది ఆఖరికి. లేదన్నాను.

పిలిస్తే ఏం చెప్పి ఉండేదో నేను ఇన్నేళ్ళలో అడగలేదు. రేపు మధ్యాహ్నం రెండింటికి ఫోన్ చేస్తాను. ఆ టైమ్‌కి ఇంట్లో ఒక్కతే ఉంటుంది.