క్వాసీక్రిస్టల్‌లో డిస్‌లొకేషన్: రంగులేసి లెక్కపెడితే తెలిసింది

నల్గొండలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివేటప్పుడు సెమినార్‌కి క్వాసీక్రిస్టల్స్‌లోని లోపాలు తీసుకున్నాను. అణువులు క్రమంగానే ఉన్నా, ఒకే నమూనా సమాన దూరాల్లో మళ్లీ రాని ఘనపదార్థాలే క్వాసీక్రిస్టల్స్. 1982లో డాన్ షెక్ట్‌మన్ అల్యూమినియం–మాంగనీస్ మిశ్రమంలో చుట్టూ పది చుక్కలున్న డిఫ్రాక్షన్ బొమ్మ (ఎలక్ట్రాన్ కిరణాలు పదార్థంలో చెదిరి వేసే చుక్కలు) చూడటం, 2011లో నోబెల్ రావడం అందరూ చెప్పేదే. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. సమాన దూరాల్లో మళ్లీ మళ్లీ రావడమనేదే లేని అమరికలో, ఇదిగో లోపం అని దేన్ని బట్టి అంటారు?

మామూలు స్ఫటికంలో చిక్కు లేదు. అణువుల వరుస మధ్యలో ఆగిపోవడం లాంటి లోపాన్ని డిస్‌లొకేషన్ అంటారు. లోపం చుట్టూ అణువు నుంచి అణువుకి అడుగులేస్తూ ఒక చుట్టు తిరిగి రావాలి. కుడికీ ఎడమకీ, పైకీ కిందికీ వేసిన అడుగుల్లో చెల్లగా మిగిలిందే బర్గర్స్ వెక్టర్.

రెండు రకాల రాంబస్‌లను ఖాళీ లేకుండా, నమూనా మళ్లీ మళ్లీ రాకుండా పరిచే పెన్‌రోజ్ టైలింగ్ క్వాసీక్రిస్టల్‌కి కాగితం మీది నమూనా. దానికీ అదే చేద్దామనుకున్నాను. క్లాక్ టవర్ సెంటర్‌లో చార్టులు కొని, 72 డిగ్రీల లావు రాంబస్‌లు, 36 డిగ్రీల సన్న రాంబస్‌లు కత్తిరించి గదిలో పరిచాను. ప్రతి అంచూ ఐదు దిశల్లో ఏదో ఒకదాని వెంటే ఉంటుంది. దిశకో రంగు స్కెచ్ పెన్ వేశాను. ఎటు నుంచి ఎలా చుట్టొచ్చినా ప్రతి రంగులోనూ పోయిన అడుగులు, వచ్చిన అడుగులు సమానం. తర్వాత డిస్‌లొకేషన్ ఉన్న బొమ్మ ప్రింట్ తీసి, నడిమి భాగాన్ని వదిలేసి చుట్టూ తిరిగాను. అంచులు కాస్త వంగి ఉంటాయి కాబట్టి దేనికి దగ్గరుంటే ఆ రంగు ఇచ్చాను. ఎరుపులో ఒక అడుగు, నీలంలో ఒక అడుగు మిగిలాయి. ఆ ఎరుపు, నీలం దిశలు ఆకుపచ్చ దిశకి అటుపక్కొకటి, ఇటుపక్కొకటి ఉంటాయి.

అసలు సంగతంతా ఇక్కడుంది. ఆ మిగులుని రెండుసార్లు గీయాలి. ఒకసారి పక్కపక్క దిశల మధ్య 72 డిగ్రీలు పెట్టి, ఇంకోసారి 144 పెట్టి. అడుగుకి 10 సెంటీమీటర్లు అనుకుంటే మొదటి బొమ్మలో 6.18 వచ్చింది. రెండోదాంట్లో 16.18, అదీ ఎదురు దిశలో! మొదటిది ఫోనాన్ భాగం, అణువులు కొద్దికొద్దిగా జరగడం. రెండోది ఫేజాన్ భాగం, రాంబస్‌ల అమరికే మారడం. ఏ అడుగులు మిగిలినా సరే, మొదటిది ఉంటే రెండోది ఉండి తీరుతుంది. ఇది చూశాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అంత సంతోషం.

అమరిక మారాలంటే అణువులు చోటు మారాలి, దానికి వేడి కావాలి. అందుకే డిస్‌లొకేషన్ వేగంగా కదిలితే వెనకాల చెదిరిన అమరికను వదిలి పోతుంది. అల్యూమినియం–పల్లాడియం–మాంగనీస్ క్వాసీక్రిస్టల్ గది ఉష్ణోగ్రతలో పెళుసుగా విరగడానికి, బాగా కాగినప్పుడే వంగడానికి ఇదొక ముఖ్య కారణం.

ఐకోసహెడ్రల్ రకానికీ లెక్క ఇదే, కాకపోతే దిశలు ఆరు. దానికి చార్టు చాలదు. బంకమట్టి ముద్దలో ఆరు చీపురుపుల్లలు గుచ్చి మొదలుపెట్టాను.