చెస్ నుంచి వచ్చిన ఇంగ్లిష్ ఇడియమ్స్: సీజీఎల్‌కు నేను చదివిన తీరు

ఫ్రెండ్స్, మన నల్గొండ సైడ్ తెలుగు మీడియం నుంచి వచ్చి ఎస్సెస్సీ సీజీఎల్ (సెంట్రల్ గవర్నమెంట్ కొలువుల పరీక్ష) రాసేటోళ్లకు అసలు భయం ఇంగ్లిష్‌తోనే. మొదటి దశ టైర్ 1ల ఇంగ్లిష్‌వే 25 ప్రశ్నలు, 50 మార్కులు, తప్పు పెడ్తే అర మార్కు పాయె. ఇడియమ్స్ లిస్టు బట్టీ పడితే పొద్దున చదివింది సాయంత్రానికి ఉండది, అందుకే నేను ఒక్కో సబ్జెక్టు ఇడియమ్స్‌ను ఒక్క దగ్గర వేసుకొని చదివిన, అందుల బాగా పనికొచ్చింది చెస్‌వి.

ముందుగాల స్టేల్‌మేట్. లైబ్రరీల ఇంగ్లిష్ పేపర్ తీస్తే కృష్ణా నీళ్ల వార్తలల్ల ఇది తగుల్తది. ఉమ్మడి రాష్ట్రం వాటా 811 టీఎంసీలల్ల మనకు 299, ఏపీకి 512 అని 2015ల తాత్కాలికంగా ఒప్పుకున్నరు, ఆ తర్వాత ఏండ్లకేండ్లు పంచాయితీ తెగలే, గదే స్టేల్‌మేట్. కానీ చెస్‌ల వేరే ఉంటది చూడుండ్రి: రాజుకు చెక్ లేదు, అంటే రాజు మీద దాడి లేదు, అయినా రూల్ ప్రకారం కదిపేటందుకు ఒక్క ఎత్తు కూడ లేదు, అంటే ఆట అక్కడికే డ్రా, మళ్ల కదిలేది లేదు. పేపరోళ్లేమో ‘బ్రేక్ ద స్టేల్‌మేట్’ అంటరు, అంటే చర్చలైతే కదుల్తదని. చెస్ బాగా ఆడేటోళ్లే ఇక్కడ ఆగమైతరు. ఆప్షన్లల్ల డెడ్‌లాక్ ఉంటే కండ్లు మూసుకొని పెట్టుండ్రి, ఓటమి అని ఉంటే అది చెక్‌మేట్‌ది, ముట్టొద్దు.

చెక్ ఇంకో తిరకాసు. మన పేపర్లల్ల ‘ప్రత్యర్థికి చెక్ పెట్టిండు’ అంటే కథ ఖతం అన్నట్టే, ఇంగ్లిష్‌ల ‘కీప్ ఇన్ చెక్’ అంటే అదుపుల ఉంచుడు మాత్రమే. ధరలు ఇన్ చెక్ అంటే తగ్గినయని కాదు, చెయ్యి దాటుతలేవని. పాలిటీల చదివే చెక్స్ అండ్ బ్యాలెన్సెస్ కూడ గిదే అర్థం, ఒక్క దెబ్బకు రెండు సబ్జెక్టులు.

పాన్ (pawn, చెస్‌ల బంటు) ఈజీ, ‘నన్ను పావులెక్క వాడుకున్నరు’ అని మనం రోజూ అనేదే. కాకపోతే బంగారం తాకట్టు షాపుల బోర్డు మీద ఉండే పాన్ బ్రోకర్ల పాన్ వేరే మాట, స్పెల్లింగ్ మాత్రం ఒక్కటే, క్లోజ్ టెస్ట్‌ల (పేరాల ఖాళీలు నింపే ప్రశ్నల్ల) వస్తే వాక్యం మొత్తం చదివినంకనే టిక్ పెట్టాలె.

గ్యాంబిట్ అంటే చెస్‌ల పొజిషన్ కోసం ఆట మొదట్లనే మామూలుగా ఒక బంటును వదులుకునుడు. లీడర్ల ‘ఓపెనింగ్ గ్యాంబిట్’ల వదులుకునేది ఏం ఉండకపోవచ్చు, పైచెయ్యి కోసం వేసే మొదటి ఎత్తు అంతే, అందుకే త్యాగం అన్న ఆప్షన్ చూసి మురిసిపోకుండ్రి. చెకర్డ్ కెరీర్ అంటే బోర్డు మీద తెల్ల గడి నల్ల గడి లెక్క ఎత్తుపల్లాలున్న కెరీర్. ఎండ్‌గేమ్ అంటే చివరి దశ, దాంట్ల చెప్పేదేం లేదు.

జుగ్‌జ్వాంగ్ (ఏ ఎత్తు వేసినా నష్టమే అయ్యే పరిస్థితి) లాంటి అరుదైన చెస్ మాటలు కనపడితే నోట్స్ రాసుకుంట కూసోవద్దు తమ్ముళ్లూ, ఆ టైం ఎర్రర్ స్పాటింగ్‌కు పెట్టుకోండి.