మా చిన్నమ్మ వార్డు మెంబరుకి నిలబడినప్పుడు

మా ఊరి వాట్సాప్ గ్రూపులో పంచాయతీ ఎలక్షన్ల మాట వస్తే చాలు, పొద్దున గుడ్ మార్నింగ్ పూల బొమ్మలు పెట్టే పెద్దాయన కూడా ఈసారి మన పంచాయతీ జనరలా మహిళా అని అడగడం మొదలుపెడతాడు. 2021 ఏప్రిల్లో కూర్చున్న సర్పంచులకి ఐదేళ్ళంటే 2026 ఏప్రిల్ దాకానే కదా, ఆ లెక్క అందరి నోట్లోనూ ఉంది. ఇంతా అడిగి చివర్లో అందరూ అనే మాట ఒకటే, "మనలాంటోళ్ళు ఎట్లా నిలబడతారప్పా" అని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మా చిన్నమ్మ గుర్తొస్తాది. తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటా ఆ వారం పది రోజులు నేనే ఆమె వెనకాల కాగితాలు పట్టుకొని తిరిగినా కాబట్టి చెప్తున్నా, నిలబడడానికి డబ్బు కన్నా ముందు కావాల్సింది ఒక ఫైలు, ఇంకో ఫైలు, ఓపిక.

మాది చంద్రగిరి వైపు చిన్న పంచాయతీ, ఊరి పేరు వద్దులే, మళ్ళీ గ్రూపులో గొడవ. మా తిరుపతి డివిజన్‌కి నాలుగో విడతలో పడింది, అంటే 2021 ఫిబ్రవరి 21 పోలింగ్. నామినేషన్లు ఫిబ్రవరి 10 నుంచి 12 వరకు, మూడే రోజులు. సర్పంచ్‌ని, వార్డు మెంబర్లని జనమే నేరుగా ఎన్నుకుంటారు, పార్టీ గుర్తులుండవు. ఉండవు అనేది రూలు, ఎవరి వెనక ఏ పార్టీ ఉందో టీ అంగట్లో కూర్చున్న ప్రతి ఒక్కడికీ తెలుసు, అది వేరే సంగతి. ఎంపీటీసీ, జడ్పీటీసీకి, అంటే మండల, జిల్లా పరిషత్ మెంబర్లకి అయితే పార్టీ గుర్తుల మీదే.

వార్డు మెంబరుకి కావాల్సింది పెద్దగా ఏం లేదు. 21 ఏళ్ళు నిండి ఉండాల, ఆ పంచాయతీ ఓటర్ల లిస్టులో పేరుండాల. 18 కి ఓటొస్తాది, పోటీకి మాత్రం 21, ఈ తేడా తెలీక మా వీధి పిల్లోడొకడు ఫ్లెక్సీ కూడా కొట్టించేసినాడు పాపం. లిస్టులో పేరు ముందే చూసుకోండి అని ఎందుకంటానంటే, ఆ 2021 ఎలక్షన్లు 2019 జనవరి నాటి లిస్టుతోనే జరిపేసినారు, కొత్తగా ఓటొచ్చిన దాదాపు 3.6 లక్షల మందికి రాష్ట్రం మొత్తం మీద ఓటు వేసే అవకాశమే లేకపోయింది, హైకోర్టు దాకా పోయింది ఆ గొడవ.

మా చిన్నమ్మ వార్డు మహిళకి రిజర్వు అయింది. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్ళకే, ఎస్సీ ఎస్టీ బీసీ కోటాల్లో కూడా సగం ఆ కులాల ఆడవాళ్ళకే. రిజర్వేషన్ రాగానే ముందు మా చిన్నాయన సంబరపడినాడు, "మనమే మెంబరు" అని. మనమే అంటే ఆయన. ఫ్లెక్సీలో ఆమె ఫొటో స్టాంపు సైజు, ఈయనది నిలువెత్తు. చిన్నమ్మ ఒకటే మాట అన్నింది, "సంతకాలు నేను పెట్టాలంట కదా, అయితే కాగితాలు నేనే చదువుకుంటా" అని, చదివింది కూడా, కళ్ళజోడు పెట్టుకొని రెండు గంటలు.

నామినేషన్ మన ఊర్లో ఇవ్వరు, నాలుగైదు పంచాయతీలకి కలిపి ఒక సెంటర్ పెడతారు, మాకు పక్కూర్లో. డిపాజిట్ అప్పుడు సర్పంచ్‌కి 3,000, వార్డు మెంబరుకి 1,000, ఎస్సీ ఎస్టీ బీసీలకి అందులో సగం, అందుకని కుల ధృవీకరణ పత్రం పెట్టి మేము 500 కట్టినాం. ఇంటి పన్ను బాకీ ఉండకూడదు. ఇక్కడే మొదటి దెబ్బ, ఇల్లు ఇంకా చచ్చిపోయిన మా తాత పేరు మీదే ఉంది, రెండేళ్ళ పన్ను కట్టలేదు, కట్టింది కూడా రసీదు ఆయన పేరు మీదే ఇచ్చినారు. ఒక రోజంతా దాని చుట్టూ తిరిగేదానికే సరిపోయింది.

రెండో దెబ్బ ప్రపోజరు. ఫారం మీద నిన్ను ప్రతిపాదించే మనిషి ఒకరు సంతకం పెట్టాల, ఆ మనిషి అదే వార్డు ఓటరై ఉండాల. పోటీ చేసేవాళ్ళు పంచాయతీలో ఏ వార్డు ఓటరైనా పర్వాలేదు, ప్రపోజరు మాత్రం కచ్చితంగా ఆ వార్డే. మేము పెద్దమనిషి కదా అని మా మామని తీసుకపోయినాం. టేబుల్ దగ్గర సార్ లిస్టులో వేలు పెట్టి కిందికి జరుపుకుంటా వచ్చి "ఈయన ఐదో వార్డు, మీది నాలుగు" అన్నాడు. మా వీధి మధ్యలో గీత గీసినట్టు ఎడం పక్క నాలుగు, కుడి పక్క ఐదు అంట, ముప్పై ఏళ్ళుగా ఎదురెదురు ఇండ్లలో ఉంటా మాకే తెలీదు. ఆఖరి రోజు, టైము మధ్యాహ్నం దాటిపోయింది. నేను బండేసుకొని పోయి, మాకు పాలు పోసే అత్త చేలో ఉంటే, ఆమెని అట్లే ఎక్కించుకొని వచ్చినా, చేతిలో పాల క్యాను కూడా దించలేదు. ఆ క్యాను టేబుల్ కింద పెట్టి ఓం రాసినట్టు మెల్లిగా సంతకం పెట్టింది, సార్ కూడా నవ్వినాడు.

మా పక్కింటి అక్కకి కూడా నిలబడాలని ఉండింది, కానీ ముగ్గురు పిల్లలు. ఇద్దరి కంటే ఎక్కువుంటే పోటీకి పనికిరారనే రూలు 1990ల నుంచి ఉండేది, 2024 నవంబరులో అసెంబ్లీ దాన్ని తీసేసింది. కాబట్టి ఆ అక్క రెడీ అంట ఈసారి.

విత్‌డ్రాయల్, అంటే నామినేషన్ వెనక్కి తీసుకునే ఆఖరి రోజు, ఫిబ్రవరి 16. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఫోన్లు మామూలుగా రాలేదు, "పోటీ లేకుండా ఏకగ్రీవం చేసేద్దాం, ఊరికి డబ్బులొస్తాయి" అని. నిజమే, జనాభాని బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం అని గవర్నమెంటు చెప్పింది. ఊరంతా కూర్చొని ఒప్పుకుంటే మంచిదే, కానీ ఏకగ్రీవం అనే మాట ఎప్పుడూ నిలబడే బలహీనుడి ఇంటికే ఎందుకు వస్తాదో, బలమున్నోడి ఇంటికి పోయి "నువ్వు తప్పుకో" అని ఎవరూ ఎందుకు అడగరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చిన్నమ్మ ఫోన్ స్విచాఫ్ చేసి పొలానికి పోయింది.

ఆ సాయంత్రం గుర్తులిచ్చినారు. మనకి కావాల్సింది అడిగేదానికి లేదు, పేర్లు తెలుగు అక్షరాల వరసలో పెట్టి ఇచ్చేస్తారు, మాకు గ్యాస్ పొయ్యి వచ్చింది. ప్రచారానికి మిగిలింది నాలుగు రోజులు. ఖర్చు లెక్క రాసుకోవాల, మా ఊరంత ఊళ్ళకి వార్డు మెంబరు 30,000 దాటకూడదు, రిజల్టు తర్వాత 45 రోజుల్లో ఆ లెక్క ఇచ్చేయాల, ఇవ్వకపోతే మూడేళ్ళు పోటీకి అనర్హులు. ఓడిపోయినోళ్ళు ఇది మర్చిపోతారు, నాకేంలే అనుకొని. మా లెక్క 8,000 చిల్లర, అందులో ఎక్కువ టీలు, బోండాలు.

పోలింగ్ పొద్దున 6.30 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా, బ్యాలెట్ పేపర్లే. సర్పంచ్‌కి గులాబీ, వార్డుకి తెలుపు. నాలుగు గంటలకి పోలింగ్ జరిగిన ఇస్కూల్లోనే లెక్కింపు. ముందు రంగు ప్రకారం విడదీసి, 25 లెక్కన కట్టలు కట్టి, రబ్బరు బ్యాండు వేస్తా ఉంటే కిటికీ బయట నుంచి ఊరంతా తొంగి చూస్తా ఉంది. మా వార్డువి చిన్న చిన్న కట్టలు, పది నిమిషాల్లో అయిపోయింది. చిన్నమ్మ 11 ఓట్లతో ఓడిపోయింది. గెలిచినోళ్ళని అప్పటికే ఒక రూములో కూర్చోబెట్టి మాటలు మొదలుపెట్టేసినారు, ఎందుకంటే ఉపసర్పంచ్‌ని ఎన్నుకునేది మెంబర్లే, జనం కాదు, ఒక్క ఓటు అటు ఇటు అయినా కథ మారిపోతాది. అప్పటిదాకా వార్డు మెంబరంటే ఏముందిలే, సర్పంచ్‌కే నెలకి 3,000 గౌరవ వేతనం, మెంబరుకి అదీ లేదు అన్నోళ్ళే ఆ రాత్రి గెలిచిన మెంబర్లని తమ కార్లలో తిప్పినారు.

తిరుపతి టౌన్లో ఇదే ఆట పెద్దగా జరగతాది. ఇది 2007 లో కార్పొరేషన్ అయింది, 50 డివిజన్లు, అంటే టౌను వార్డులు, కానీ కార్పొరేషన్‌గా మొదటి ఎలక్షన్ జరిగింది 2021 మార్చిలో. అక్కడా మేయర్‌ని కార్పొరేటర్లే ఎన్నుకున్నారు, మనం కాదు. మా ఓనర్ ఆంటీకి ఈ సంగతి ఇప్పటికీ తెలీదు, తానే మేయర్‌కి ఓటేసినా అంటాది.

పోలైన చెల్లే ఓట్లలో ఆరో వంతు దాటింది కాబట్టి మా 500 వెనక్కి రావాల. దానికి మూడు సార్లు తిప్పినారు ఒక ఆఫీసులో, నాలుగోసారి చిన్నమ్మే పోయి తెచ్చుకుంది, బస్సు చార్జీలే దాని కంటే ఎక్కువైనాయి. మొన్న సంక్రాంతికి పోతే బీరువాలో చీరల మధ్య నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి చూపించింది. ఇంటి పన్ను రసీదులు, ఐదేళ్ళవి, వరసగా, అన్నీ ఇప్పుడు ఆమె పేరు మీదే. కింద ఇంకో కాగితం, నాలుగో వార్డు ఓటర్ల పేర్లు చేత్తో రాసింది, పాల అత్త పేరు పక్కన పెన్నుతో రెండు గీతలు.