బుష్ టీవీ22లో బొమ్మ వచ్చింది

మొన్న శనివారం రాత్రి పదకొండు దాటాక అమెరికాలోని మా బేస్‌మెంట్‌లో బుష్ టీవీ22లో బొమ్మ వచ్చింది. మా ఆవిడని నిద్ర లేపి మరీ చూపించాను.

ఇది 1950లో ఇంగ్లండ్‌లో వచ్చిన బుష్ కంపెనీ టీవీ మోడల్. తొమ్మిది అంగుళాల తెర, బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) పెట్టె. దుమ్ము దులిపి పాలిష్ పెడితే ముగ్గిన ఈతపండులా నిగనిగలాడుతుంది. 1953 జూన్ 2న ఎలిజబెత్ రాణి పట్టాభిషేకాన్ని బ్రిటన్‌లో 2 కోట్ల మందికి పైగా చూసింది ఇలాంటి చిన్న తెరల మీదే, చాలామంది పక్కింటి హాల్లో కిక్కిరిసి కూర్చుని. మా చిన్నప్పుడు వీధిలో టీవీ ఉన్న ఒక్క ఇంటికి ఆదివారం సినిమాకి అందరం పోగయ్యేవాళ్లం, అచ్చం అలాగే.

దీనికి ముందు ఒక మర్ఫీ టీవీ తెప్పించుకున్నాను. మన ఇళ్లలో రేడియోలు ఉండేవే, ఆ మర్ఫీయే. అమ్మినాయన పాత పేపర్లు కుక్కి పంపాడు, పిక్చర్ ట్యూబ్ మెడ విరిగి వచ్చింది. రెండ్రోజులు అన్నం సయించలేదు. అందుకే ఈసారి పెట్టెలో పెట్టె, మధ్యలో నాలుగు వైపులా మందపాటి ఫోమ్ ఉంటేనే డబ్బు పంపుతానని ముందే చెప్పేశాను.

సెట్టు రాగానే ప్లగ్ పెట్టి చూద్దామని చెయ్యి లాగుతుంది, దయచేసి పెట్టకండి. లోపలి మైనం కాగితం కండెన్సర్లు ఇన్నేళ్లకి లీకవుతుంటాయి, వాటిని మార్చకుండా కరెంటిస్తే వాల్వులు (లోపలి గాజు గొట్టాలు) గానీ ట్రాన్స్‌ఫార్మర్ గానీ కాలిపోతాయి. పైగా ఈ సెట్లో మెయిన్స్ వైరు ఒకటి నేరుగా ఛాసిస్‌కే, అంటే లోపలి లోహపు చట్రానికే కలిసి ఉంటుంది, ముట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది, కాబట్టి సెట్టుని మెయిన్స్ నుంచి విడదీసి ఉంచే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. వోల్టేజీ పెంచే మామూలు స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్లలో చాలావాటికి ఆ రక్షణ ఉండదు, చూసి కొనండి.

అమెరికాలో ఇంకో తలనొప్పి: కరెంటు 60 హెర్ట్జ్ (సెకనుకి 60 సార్లు), బొమ్మ 50 హెర్ట్జ్. రెండూ పొసగక బొమ్మ నీళ్లలో నీడలా ఊగుతుంది. దీనికి మందు మన ఊళ్లో కరెంటు పోతే వాడేదే, ఇన్వర్టర్! బ్యాటరీ మీద నడిచే 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌ది ఒకటి తెచ్చి పెట్టాక ఊగడం ఆగింది.

ఇక సిగ్నల్. 1936లో లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి బీబీసీ మొదలుపెట్టిన, బొమ్మని 405 అడ్డగీతలుగా గీసే ప్రసారాలు 1985లో ఆగిపోయాయి (మన దూరదర్శన్ మొదటి నుంచీ 625 గీతలే). ఇప్పుడు ఈ సెట్టుకి గాలిలో దొరికేదేమీ లేదు, అందుకని డీవీడీ, క్యాసెట్ ప్లేయర్ల సిగ్నల్‌ని 405కి మార్చే కన్వర్టర్ కావాలి. అది ఖరీదే, కానీ అది లేకపోతే ఇంత సెట్టూ షోకేసు బొమ్మ. నా మటుకు నాకు బొమ్మ రాని టీవీ ఇంట్లో ఉంచుకోవాలనిపించదు.

స్విచ్ వేశాక ముందు వాల్వులు ఎర్రబడ్డాయి. కాసేపటికి సన్నని ఈల మొదలైంది, సెకనుకి 10,125 గీతలు గీసే చప్పుడు అది. వేడెక్కిన దుమ్ము వాసన. ఆ తర్వాత తెర మధ్యలో నీలంగా వెలుగు.

మొదట ఏం వెయ్యాలో ఎప్పుడో అనుకుని పెట్టుకున్నాను, మా అక్క పెళ్లి క్యాసెట్. పందిట్లో అమ్మమ్మ అక్షింతలు వేస్తూ కెమెరా వైపు చూస్తుంది. అక్కడ ఆపి, బ్రైట్‌నెస్ కాస్త పెంచాను.